చోళమండల తీరము - ఇంటి సామాను

ఈనాడు క్రొత్తగా ఇల్లు కట్టుకొను గృహస్థు గోడలు లేచుటకు ముందే లోపల ఏ సామాను అమర్చవలెనని విచారించుచున్నాడు. వంటగదికి చెక్కపలకల అరలు, ముందుగదికి సోఫాలు, పడకగదికి గోడంత బీరువా - ఇవి లేనిది ఇల్లే కాదను భావము పల్లెలలో సైతము పాదుకొన్నది. ఇది పశ్చిమమునుండి మొన్న వచ్చిన వేడుక యని కొందరు నిందింతురు, కొందరు మెచ్చుకొందురు. ఉభయులును ఒక సంగతి మఱచుచున్నారు. ఆ పశ్చిమదేశమువారికి కుర్చీలు చేసి పంపిన వడ్రంగులు ఒకప్పుడు మన తూర్పుతీరముననే యుండిరి. ఆ కథ చెప్పుటకు కృష్ణపట్నము తగిన తావు.

కృష్ణపట్నము పాతరేవు. శాసనములలో దీనికి కొల్లితుఱై యనియు, గండగోపాలపట్టణ మనియు పేర్లు కలవు. గండగోపాలుడనునది నెల్లూరేలిన తెలుగు చోడుల బిరుదము. తిక్కనసోమయాజిని ఆదరించిన మనుమసిద్ధి ఆ వంశమువాడే. ఆ కాలమున మన రేవులలో ఏ సరకులు దిగుచుండెనో ఎక్కుచుండెనో తెలిసికొనుటకు కాకతీయ గణపతిదేవుడు 1244లో మోటుపల్లియందు వేయించిన అభయశాసనము చాలును. చందనము, కర్పూరము, ముత్యములు, దంతము, పట్టునూలు, పగడము, మిరియము - అన్నిటికిని సుంకము నిర్ణయింపబడినది. ఆసనముల మాట మాత్రము అందు లేదు. కొయ్యయు దంతమును వర్తకపు సరకులే. కూర్చుండు బల్ల అప్పటికి సరకు కాలేదు.

దానికి కారణము మన యింటి తీరు. పీట, చాప, మంచము, భోషాణము, ఉట్టి, దండెము - సామాన్యగృహస్థుని సామాను ఇంతటితో సరి. దీనిని లేమి యనుట తొందరపాటు. ఉదయమున చుట్టి మూల నిలిపిన చాప రాత్రికి పడక యగును. నులకమంచము పగలు గోడకు చేరగిలబడి చోటిచ్చును, వేసవిరాత్రి వాకిటికి వచ్చును. పాలును పెరుగును ఉట్టిమీద పిల్లికందక యుండును. బట్టలు దండెముమీద గాలికారును. భోషాణములో ఇత్తడిపాత్రలు దాచి, దానిమీద చాప పఱచి ఇంటిపెద్ద పరుండును. పెట్టెయు నదియే, మంచము నదియే, కావలి యు నదియే. దీపమునకును పుస్తకమునకును గోడలోనే గూళ్లు. నేలమీద కూర్చుండు జాతికి నేలయే ముఖ్యమైన సామాను. అందువలననే దానిని అలికి ముగ్గు పెట్టిరి. ఉప్పుగాలి వీచు సముద్రతీరమున ఇట్టి యిల్లు తడి యాఱును, ఊడ్చుటకును సులువు.

మిగిలిన సామాను ఎక్కడినుండి వచ్చెనో దాని పేరే చెప్పును. పీట మన పీఠము, మంచము సంస్కృతపు మంచము. కుర్చీ అరబ్బీపదము, పారసీకుల నోట మనకు చేరినది. అలమార పోర్చుగీసువారిది. బీరువా ఫ్రెంచివారి 'బ్యూరో'. అక్కడ అది వ్రాతబల్ల, ఇక్కడ బట్టల పెట్టె యైనది. అన్నిటికంటె చిత్రము సోఫా. దాని మూలము 'సుఫ్ఫా' యను అరబ్బీపదము. ఎత్తుగా కట్టిన తిన్నె యని దాని యర్థము. వీధి తిన్నెను పడగొట్టి ముందుగదిలో సోఫా వేసికొన్నవారు తిన్నెనే లోపలికి తెచ్చికొనిరన్నమాట. బాటసారి కూర్చుండుటకు మాత్రము చోటు పోయినది. మనమును ఊరకుండలేదు. ఇంగ్లీషువారి 'కాట్' హిందీ 'ఖాట్' నుండి పోయినదే. వారి 'టీక్' మలయాళపు 'తేక్కు', మన టేకు.

1610లో డచ్చివారు పులికాటున నిలిచిరి. 1626లో ఇంగ్లీషువారు కృష్ణపట్నమునకు దక్షిణముననున్న దుగరాజపట్నమున ఆర్మగామను పేర స్థావరమేర్పఱచుకొని, 1640 నాటికి చెన్నపట్టణమునకు తరలిరి. వారు వచ్చినది అద్దకపు బట్టలకొఱకు. ఐనను నేలమీద కూర్చుండుట వారికి చేతకాదు గనుక కుర్చీలు కావలసివచ్చినవి. చూపినదానిని చూచి చేయుటయందు మన వడ్రంగులు ఆఱితేఱినవారు. పదునేడవ శతాబ్దిలో ఈ తీరమున నల్లచేవ కొయ్యతో చేసిన కుర్చీలు, మంచములు, పెట్టెలు నేడును ఐరోపా ప్రదర్శనశాలలలో ఉన్నవి. మెలితిప్పిన కోళ్లు, వీపుపలకపై సన్నని చెక్కడపు పూలు, లతలు - మన అద్దకపు వస్త్రముల మీది పూలకు చుట్టములు. ఈ నల్లకొయ్య తుమికి జాతి చెట్టుది. తుమికి ఆకు బీడీలకు పనికివచ్చునని ఎల్లర మెఱుగుదుము. దాని చేవ దొరల కొలువులలో పీఠమైనదని ఎఱిగినవారరుదు.

కొంతకాలమునకు ఆ కుర్చీలు ఎవరు చేసిరో కొన్నవారే మఱచిరి. పదునెనిమిదవ శతాబ్దిలో హొరేసు వాల్పోలను ఇంగ్లీషు రచయిత తన స్ట్రాబెరీహిల్ భవనమునకు ఇట్టి నల్లకుర్చీలు వెదకి వెదకి కొని తెచ్చెను. అవి పదునాఱవ శతాబ్దపు ట్యూడరు రాజుల కాలమున ఇంగ్లండులోనే చేయబడినవని ఆయన నమ్మకము. ఆయనను చూచి ఇతరులును అట్లే నమ్మిరి. మనవాని ఉలిపని వారి పూర్వుల వైభవముగా లెక్కకు వచ్చినది! చేసినవాని పేరు ఇక్కడను లేదు, అక్కడను లేదు.

విశాఖపట్టణపు కంసాలులకు ఇంతకంటె కొంత మేలు జరిగినది. వారి ఊరి పేరైన నిలిచినది. కొయ్యపై దంతపు పలుచని రేకులు తాపి, వానిపై సన్నని గీతలు చెక్కి, నల్లలక్క నింపి వారు చేసిన పెట్టెలును కుర్చీలును సీమ కెగుమతియైనవి. చెన్నపట్టణపు గవర్నరుగా 1773 మొదలు 1775 వఱకు నుండిన అలెగ్జాండరు వించి వద్ద దంతపు కుర్చీలుండెను. 1781లో ఆయన పోయిన పిదప ఆ సొత్తు వేలమునకు వచ్చినప్పుడు మూడవ జార్జిరాజు వానిని కొని రాణి షార్లటు కిచ్చెను. నేడవి రాజకుటుంబపు సొత్తులో ఉన్నవి.

మన తీరము పేరు మనది కాని వస్తువునకును తగులుకొన్నది. లక్కపూతపై బొమ్మలు చెక్కిన చీనాదేశపు మడతతెరలకు ఐరోపాలో 'కోరమాండలు తెర'లని పేరు. అవి ఈ తీరపు రేవులలో ఓడ మారి పోవుటయే దానికి హేతువు. పని చేసినవారి పేరు చెఱిగినది, దారిలోని రేవు పేరు నిలిచినది.

చీనా మాట వచ్చినది గనుక ఇంకొకటి చెప్పవలెను. చీనా చక్రవర్తుల సింహాసనములకు ముఖ్యమైన కొయ్య 'జితాన్'. పండితులు దానిని మన ఎఱ్ఱచందనముగా గుర్తించిరి. అది ప్రకృతిసిద్ధముగా పెరుగు తావు లోకములో ఇంచుమించుగా మనదే - శేషాచలము, వెలిగొండలు, కడప, చిత్తూరు, నెల్లూరు సీమల కొండలు. పెరుగుట అతిమందము; చేవ కట్టుటకు దశాబ్దములు పట్టును. 1995 నుండి దీని వర్తకము అంతర్జాతీయ ఒప్పందమునకు లోబడినది. ఐనను దొంగకోత ఆగలేదు. 2015 ఏప్రిల్ 7న చిత్తూరు జిల్లా శేషాచలపు అడవిలో ఇరువదిమంది కొయ్య నఱకువారు పోలీసు కాల్పులలో చనిపోయిరి. వారు తమిళదేశపు బీదకూలీలు. ఆ కొయ్యతో చేసిన కుర్చీయందు కూర్చుండువాడు కడలి కావల ఉన్నాడు. ఈ తీరపు గ్రామములలో ఎఱ్ఱచందనపు పీట యొక్కటియు నేను చూడలేదు. పెండ్లికి బొమ్మలు, వైద్యమునకు గంధము - మనవారికి దానితో నున్న పరిచయ మంతే.

బర్మా ఇంగ్లీషువారి చేతిలోనికి పోయిన పిదప రంగూను టేకు తీరమున దిగెను. కలవారి యిండ్లలో పందిరిమంచములును, ఉయ్యాలబల్లలును, పడకకుర్చీలును వెలసినవి. అప్పుడును వడ్రంగి ఇంటి వాకిట కూర్చుండి, కూర్చుండువాని మోకాలు కొలిచియే కుర్చీ చేసెను. ఇప్పుడా కొలత కర్మాగారములలో ముందే నిర్ణయమగుచున్నది. 2018లో స్వీడనుదేశపు ఐకియా సంస్థ హైదరాబాదున తన మొదటి భారతీయ దుకాణము తెఱచెను. అక్కడ బల్లను ముక్కలుగా కొని యింట బిగించుకొనవలెను. ఊడదీసి మరల బిగించు మంచము మన తాతలకు క్రొత్త కాదు గాని, పొట్టును పొడిని జిగురుతో నొత్తిన ఆ పలక ఉప్పుగాలికి ఉబ్బినచో దానికి చిత్రిక పట్టుటకు వీలులేదు.

కృష్ణపట్నమున 2008లో క్రొత్త ఓడరేవు తెఱవబడినది. దాని చుట్టుపట్ల లేచిన మేడలలో వడ్రంగికి దొరకు పని పలకలు కోయుట, మరలు బిగించుట. అదే సీమలో పడమట ఉదయగిరియందు కొందఱు నేటికిని అడవికొయ్యను చేతితో చెక్కి, పిడికి నగిషీ పెట్టి, గరిటెలును చెంచాలును చేయుచున్నారు. కుర్చీ చేయుమని వారి నడుగువారు లేరు.