తడి ఇసుకలో ఇన్సులిన్

ఇన్నీసుపేటలో ఫ్రిజ్ లేని రోజుల్లో మా మామ్మ ఇన్సులిన్ సీసాని చిన్న కుండలో పెట్టి, తడి ఇసుకలో దించేది. గాజు సిరంజి రోజూ మరిగించాల్సిందే. 1921లో టొరంటోలో బాంటింగ్, బెస్ట్ వెలికితీసిన ఈ మందు, అప్పట్లో పశువుల, పందుల క్లోమం నుంచే వచ్చేది. విశేషమేమంటే, ఆవు ఇన్సులిన్‌కీ పిల్లి ఇన్సులిన్‌కీ తేడా ఒక్క అమైనో ఆమ్లమే!

ఇప్పుడు షుగరు ఉన్న మా పిల్లికి నేనే, పన్నెండు గంటలకోసారి, అది తిన్నాక ఇన్సులిన్ వేస్తున్నాను. మన షాపుల్లో మిల్లీలీటరుకి 40 యూనిట్ల సీసాలూ, 100వీ ఉంటాయి. 100 మందుని 40 సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు పడుతుంది; పిల్లి ప్రాణానికే ముప్పు. సీసా మీది అంకె, సిరంజి మీది అంకె ఒకటేనా అని ప్రతిసారీ చూడండి. పిల్లి తినని పూట సూది వేసేముందే పశువైద్యుణ్ణి అడగండి.