ఫ్లీటు వీథి చిలుక

మహనీయుల శతవర్ధంతులకు వ్యాసం వ్రాయడం ఆదివారపు అనుబంధాలకు ఏటేటా వచ్చే తద్దినం వంటిది. సంపాదకుడు తేదీ చెపుతాడు, రచయిత తల గోక్కుంటాడు, గడువు నాటి రాత్రికి ఎవరో ఒక పుణ్యపురుషుడు అచ్చులో లేచి కూర్చుంటాడు. ఈ ఏడు నా పాలబడిన శతవర్ధంతి మాత్రం మానవునిది కాదు. లండను నగరంలో, ఫ్లీటు వీథి అనే సుప్రసిద్ధమైన పత్రికల పేటలో, ఒక పానశాలను ఆశ్రయించుకొని ఇంచుమించు నలభై ఏండ్లు జీవించినదని చెప్పబడే బూడిద వన్నె ఆఫ్రికా చిలుక 1926లో పరలోకగతమైనది. దాని పేరు పాలీ. దేశదేశాలలో రమారమి రెండు వందల పత్రికలు దాని మరణవార్తను ప్రకటించినవని ప్రతీతి. అంతటి సంతాపానికి నోచుకొన్న కవిపుంగవులు మన భాషలో ఎందరున్నారో లెక్కించడానికి పది వ్రేళ్ళు అక్కరలేదు.

ఆ చిలుక ఇంకను అక్కడనే, గాజు పెట్టెలో, ప్రాణం తప్ప తక్కిన హంగులన్నిటితో కొలువై యున్నదని విని, లండను వెళ్ళినప్పుడు ఫ్లీటు వీథి పానశాలల సాయంకాలపు నడకలో నేనును చేరినాను. లడ్‌గేటు కూడలిలో ఒక మూలన గుమిగూడిన మా జట్టులో ఆస్ట్రేలియా నుండి వచ్చిన వృద్ధ దంపతులు, పెండ్లికి ముందు స్నేహితుణ్ణి ఊరేగించవలెనని వచ్చి పొరపాటున చరిత్ర కొనుక్కొన్న నలుగురు యువకులు, సారాకు ఎదురు తిరిగిన దూబగుంట గల నెల్లూరు జిల్లాలో పుట్టి పెరిగినందున నిమ్మసోడాతోనే కాలక్షేపం చేయదలచిన నేను. మార్గదర్శిని నడివయస్సు స్త్రీ. మడిచిన గొడుగును ధ్వజం వలె పైకెత్తి, ఎంత రణగొణలోనైనను చివరి వరుసకు వినబడే కంఠంతో మాట్లాడేవారు. చెల్లించిన రుసుము మాటలకే గాని పానీయాలకు కాదని మొదటనే స్పష్టపరచినారు.

ఈ వీథి ప్రాచీన చరిత్రను ఆమె రెండు గుటకలలో ముగించినారు. నాకును అంతకంటె చేతకాదు. వీథికి పేరిచ్చిన ఫ్లీటు నది నేడు భూమి క్రింద సొరంగంలో ప్రవహిస్తున్నది. దక్షిణాన కార్మెలైటు సన్న్యాసులు మఠం కట్టుకొన్నారు. ఎనిమిదవ హెన్రీ మఠాలతో పాటు దానిని కూడ మూయించినాడు. పడమట న్యాయవాదుల విద్యాలయాలు వెలసినవి. ఇటు సన్న్యాసి, అటు వకీలు, ఇద్దరును కాగితం లేనిదే బ్రతకలేనివారు గనుక 1500 ప్రాంతంలో వింకిన్ డి వర్డ్ అనే ముద్రాపకుడు తన అచ్చు యంత్రాన్ని వెస్ట్‌మినిస్టరు నుండి ఇక్కడకు తరలించినాడు. ఆ తరువాత నూట అరవై యేండ్లకు పైగా ఏమి జరిగినదో తెలుపకుండానే ఆమె 1666 సెప్టెంబరుకు దుమికినారు. రొట్టెల దుకాణంలో పుట్టిన నిప్పు నాలుగైదు దినాలలో పదమూడు వేల యిండ్లను, ఎనభై యేడు చర్చీలను భస్మం చేసి, ఈ వీథి పొడవునా పడమటికి ప్రాకి, చివరకు రాకుండానే చల్లారినది. కాలిపోయిన పానశాలలు చర్చీల కంటె ముందుగా లేచి నిలిచినవి. మేస్త్రీలకు దాహం వేయును గదా!

1702 మార్చి 11న ఆంగ్లదేశపు మొదటి దినపత్రిక ‘డైలీ కూరంట్’ ఈ వీథి తూర్పు కొసన, ఫ్లీటు వంతెన దగ్గర వెలువడినది. ఒకే పుట, రెండు వరుసల వార్తలు, వెనుక వైపు ఖాళీ. దానిని వెలువరించినది ఎలిజబెత్ మాలెట్ అనే స్త్రీ. ఆమె కార్యాలయం కింగ్స్ ఆర్మ్స్ అనే పానశాలకు ప్రక్క గుమ్మం. పత్రికకును పాత్రికేయుని పానపాత్రకును మధ్య దూరం ఆ మొదటి దినాననే ఒక గోడ మందం అని నిర్ణయమైపోయినది. మన మచిలీపట్నంలో ముట్నూరి కృష్ణారావుగారి కృష్ణాపత్రిక దర్బారు సాయంకాలాలలో సంగీత సాహిత్య రాజకీయాలు కలసి ప్రవహించేవని విన్నవారికి, గోష్ఠికి మద్యం అనివార్యం కాదని తెలుసును. అయినను వర్షం, చలి, పొగమంచు గల దేశంలో గోష్ఠికి ఒక కప్పు, ఒక కుంపటి కావలెను. ఆ రెండును పానశాల యందే దొరకినవి.

వైన్ ఆఫీస్ కోర్టు అనే సందులోకి తిరుగగానే వీథి చప్పుడు తెగిపోతుంది. ఒకప్పుడు ద్రాక్షసారా అమ్మకానికి అనుమతి పత్రాలిచ్చే కచేరీ ఉండిన సందు అది; ఇద్దరు ఎదురుపడితే ఒకరు భుజం తిప్పుకోవలసినంత ఇరుకు. ఎడమ ప్రక్కన, అనగా పడమటి వైపున, వెదకవద్దని చెపుతూ మార్గదర్శిని మమ్ములను కుడి చేతి గుమ్మం ముందు నిలిపినారు. ‘యీ ఓల్డ్ చెషైర్ చీజ్’, అగ్నిప్రమాదం మరుసటి యేడు 1667లో తిరిగి కట్టిన పానశాల. ఆనాటి నుండి అది చూసిన రాజుల, రాణుల పేర్లన్నిటిని గుమ్మం ప్రక్కన పలకపై వరుసగా వ్రాసి ఉంచినారు. లోపల పగలును చీకటే. నల్లబడిన కొయ్య పలకల గోడలు, తల వంచితే గాని దాటనీయని ద్వారబంధాలు, బొగ్గు కుంపటి, నేల మీద రంపపు పొట్టు. మెట్లు దిగినకొద్దీ గది క్రింద గది, చివరకు రాతి కమానుల నేలమాళిగలు. వెనుకటి రోజులలో ఇక్కడ ఆవుమాంసం, మూత్రపిండాలు, ఆల్చిప్పలు, చిన్న చిన్న పాటపిట్టలు కలిపి ఏబది మొదలు ఎనుబది పౌన్ల తూకంలో ఒక్కొక్క పిండివంట వండేవారట. పిట్టలను వండుకు తిన్న యింటనే ఒక పక్షి రాజ్యమేలినది. విధివిలాసం!

చిలుక దగ్గరకు పోకముందు డాక్టరు జాన్సనును పలకరింపక తప్పదు, ఆయన చిత్తరువు భోజనశాల గోడ నుండి మనల నదలిస్తూ చూస్తుంది. 1748 నుండి 1759 వరకు ఆయన నివసించిన యిల్లు ఈ సందుకు వెనుక, గఫ్ స్క్వేరులో ఇప్పటికిని నిలిచి ఉన్నది. దాని మేడమీద ఆరుగురు సహాయకులతో కూర్చొని, 42 వేలకు పైగా మాటలకు అర్థాలు వ్రాయించి 1755లో ఆంగ్ల నిఘంటువును వెలువరించినాడు. తెలుగువానికి ఆ మేడగది చూడగానే కడప బంగళాలో పండితుల కొలువు తీర్చిన బ్రౌనుదొర జ్ఞాపకం రాక మానడు. 1852లో మనకు నిఘంటువు ఇచ్చి, 1884లో ఇదే లండనులో కన్నుమూసినాడు. జాన్సను యింటి ముందు ఆయన పెంపుడు పిల్లికి కంచు విగ్రహం కట్టినారు. నిఘంటువు మీద కూర్చుని, ఆయన స్వయంగా వెళ్ళి కొని తెచ్చిన ఆల్చిప్పలను ముందుంచుకొని అది దర్జాగా చూస్తూ ఉంటుంది.

ఇంత దగ్గర నివాసం గనుక జాన్సను నిత్యం చెషైర్ చీజుకే వచ్చేవాడనియు, ఫలానా మూల ఆయన ఆసనమనియు పానశాలవారు చెపుతారు. కాని ఆయన తిన్నది, త్రాగినది, దగ్గినది సైతం వదలక వ్రాసిపెట్టిన బాస్వెల్ తాను వ్రాసిన జాన్సను జీవితచరిత్రలో ఈ పానశాల ఊసే యెత్తలేదు. బాస్వెల్ పదే పదే చెప్పినది మైటరు పానశాల మాట. అది ఇదే వీథిలో మరి కొంత పడమటికి ఉండేది. ఆ స్థలంలో ఇప్పుడు బ్యాంకు భవనం ఉన్నది; మహాపురుషుడు నిశ్చయంగా త్రాగిన చోట ఇప్పుడు చుక్క దొరకదు, ఆయన త్రాగినట్లు ఆధారం లేని చోట ఆయన పేరు చెప్పుకొని మూడు గదుల నిండ జనం. డాక్టరుకు సాక్ష్యం లేదు. చిలుకకు ఉన్నది. ఒకరిద్దరు కాదు, రెండు వందల పత్రికల సాక్ష్యం.

పాలీ చేసిన ఘనకార్యాలలో ఒకటి లోకప్రసిద్ధం. సీసా బిరడా ఊడిన చప్పుడును అది ఎంత సహజంగా అనుకరించేదంటే ఎవరు ఎవరికి పోస్తున్నారో అని ఆశపోతులు వెనుదిరిగి చూచేవారట. 1918 నవంబరులో మొదటి మహాసంగ్రామం ముగిసిన రాత్రి, వీథి వీథియంతయు వెర్రియెత్తి కేకలు వేస్తుండగా, ఈ చిలుక షాంపేను బిరడా చప్పుడును నాలుగు వందల మారులు చేసి, చేసి, సొమ్మసిల్లి పడిపోయినదని కథ. ఆ రాత్రి ఫ్లీటు వీథిలో నాలుగు వందల దాకా తప్పక లెక్కించగల స్థితిలో ఉండిన విలేకరి ఎవడా అన్నదే నా సందేహం. అయినను నేను ఆ అంకెను తగ్గించను. యుద్ధవార్తలలో ప్రకటించిన అంకెల కంటె అది నమ్మదగినదే. దానికి బూతులు కూడ కంఠస్థమని చెప్పుకొనేవారు. ఏ కులపతి దగ్గర నేర్చినదో వేరుగ చెప్పనక్కరలేదు. చుట్టూ ఉన్నవారు సంపాదకులు, ఉపసంపాదకులు.

మన శుకసప్తతిలో చిలుక కథలు చెప్పి చెప్పి ఇల్లాలిని గడప దాటకుండా నిలిపినది. ఇక్కడి చిలుక మగవారిని ఇల్లు చేరకుండా నిలిపినది. పూర్వజన్మలో చిలుకను పన్నెండు దినాలు పంజరంలో ఉంచిన దోషానికి భద్రాచల రామదాసు గోల్కొండ చెరలో పన్నెండేండ్లు మ్రగ్గినాడని మన పెద్దలు చెపుతారు. ఆ ధర్మశాస్త్రం థేమ్సు నది దాకా వర్తించిన పక్షంలో చెషైర్ చీజు యజమానులకు పడే శిక్ష పదునాలుగు వేల యేండ్లు దాటుతుంది. ఈ లెక్కను మార్గదర్శినికి విన్నవించుకొన్నాను. ఆమె చాలసేపు నవ్వి, తదుపరి నడకలలో వాడుకోవడానికి అనుమతి అడిగినారు.

పాలీ మరణం అంతటి వార్త ఎట్లయినదని అడిగితే సమాధానం సులభం. వార్తాసంస్థలు, సముద్రాల కవతలి పత్రికల లండను ప్రతినిధులు ఆ వీథిని, దాని సందుగొందులను నింపి ఉన్న రోజులవి. ఆ ప్రతినిధులు పగటి మాంసఖండానికి, రాత్రి బీరుకు చేరేది ఆ చిలుక ముందరికే. దూరపు పల్లెలో మహాత్యాగి మరణిస్తే విలేకరి నడచి వెళ్ళవలెను. విలేకరి బల్ల ప్రక్కన చిలుక మరణిస్తే తంతి కార్యాలయం దాకా నడిస్తే చాలును. పైగా 1926 వారికి విషాద వత్సరం. ఆ మే నెలలో సార్వత్రిక సమ్మె వలన అచ్చు యంత్రాలు ఆగి, ప్రభుత్వమే చర్చిలు సంపాదకత్వంలో పత్రిక నడుపుకోవలసి వచ్చినది. అటువంటి యేడు, ఎవరి పక్షమును కాని ఒక చావు దొరకడం పత్రికలకు ఉపశమనమే అయి ఉండును. గాజు పెట్టెలోని పక్షి ఈకలు ఇప్పుడు పొగాకు రంగు పూసుకొన్నవి. తోక ఎరుపు మాత్రం కొద్దిగా మిగిలినది. పెండ్లికొడుకు జట్టు దాని ముందు నిలిచి బిరడా చప్పుడు చేయబోయి నవ్వులలో చెడగొట్టుకొన్నారు. నోరు గల చిలుక పక్కనుండి ఎంత వెక్కిరించి ఉండేదో!

ఇక్కడి నుండి కథ సాఫీగా సాగదు. 1915 ప్రాంతపు యుద్ధకాలపు చట్టం మధ్యాహ్నాలు పానశాలలను మూయించినది, 1988 దాకా ఆ నియమం చాల భాగం నిలిచే ఉన్నది. ఆ లోగా త్రాగేవారే తరలిపోయినారు. 1986 జనవరిలో రూపర్ట్ మర్డాక్ తన నాలుగు పత్రికలను తూర్పున వాపింగుకు మార్చినాడు. సమ్మె కట్టిన సుమారు అయిదున్నర వేల మంది అచ్చుపనివారు ఉద్యోగాలు కోల్పోయినారు. కరిగిన సీసంతో అక్షరాలు పోత పోసిన చేతుల స్థానంలో కంప్యూటరు మీటలు వచ్చినవి. తక్కిన పత్రికలు ఒక్కొక్కటే వెంట నడిచినవి. మన న్యూఢిల్లీని కట్టిన లటెన్స్ రూపకల్పన చేసిన భవనం నుండి 2005లో రాయిటర్సు వెళ్ళిపోయినప్పుడు సెయింట్ బ్రైడ్స్ చర్చిలో వీడ్కోలు ప్రార్థన జరిపినారు. ఆ ప్రార్థనలో బైబిలు పాఠం చదివినవాడు మర్డాక్. 2016లో ఒక స్కాట్లండు వారపత్రిక తాలూకు చివరి విలేకరులిద్దరు కూడ బల్లలు ఖాళీ చేసినారు. ఇప్పుడు సాలిస్‌బరీ స్క్వేరు వైపు పరంజాలు, న్యాయస్థానానికి, పోలీసు కార్యాలయానికి కొత్త కట్టడాలు. పానశాలలు ఎందుకు మిగిలినవని ఆస్ట్రేలియా వృద్ధుడు అడిగినాడు. న్యాయవాదులు ఇంకను దాహంగానే ఉన్నారు గనుక అన్నారు మార్గదర్శిని.

ఆ న్యాయవాదుల నెలవైన ఎల్ వినో ద్రాక్షసారా అంగడికి చేరేసరికి మా జట్టులో కొందరికి నడక తడబడుతున్నది. మొదటి దినపత్రికను ఒక స్త్రీ వెలువరించిన ఈ వీథిలో, 1982 వరకు స్త్రీకి ఎల్ వినో బారు ముందు నిలబడి పాత్ర అందుకొనే హక్కు లేదు. వెనుక గదిలో బల్ల దగ్గర కూర్చుంటే తెచ్చి ఇచ్చేవారు. నిలబడి త్రాగే చోటనే వార్తలు పుట్టేవి గనుక స్త్రీ విలేకరికి నష్టం పానీయం కాదు, వార్త. ఒక స్త్రీ న్యాయవాది, ఒక పాత్రికేయురాలు దావా వేసినారు; క్రింది కోర్టులో ఓడినారు; అప్పీలు కోర్టు వారి పక్షాన తీర్పు చెప్పినది. ఆ కోర్టు ఈ బారుకు కొన్ని వందల అడుగుల దూరం.

ఆ కథ ముగించి, ఎవరికేమి కావలెనో కనుగొని, మార్గదర్శిని తానే బారు దగ్గరకు వెళ్ళి మా అందరి పేర పానీయాలు చెప్పినారు. బారు వెనుకనున్న కుర్రవాడు చకచక అన్నియు అందించినాడు. నా నిమ్మసోడాను మాత్రం రెండు మారులు అడిగి రూఢి చేసుకొన్నాడు.