బ్రేక్-ఇన్

అమెరికాలో కొత్త పికప్ ట్రక్కు కొన్నవారికి తరచూ వినిపించే మాట ఇది. బండిని ఆపే బ్రేకుకూ దీనికీ సంబంధం లేదు. మన రైతు కోడెను కాడికి అలవాటు చేసినట్టే, పొగరు గుర్రాన్ని జీనుకు లొంగదీయడాన్ని ఇంగ్లిషులో ఇలా అనేవారు. తర్వాత మాట ఇంజన్లకు పాకింది. బ్రిటన్‌లో, మన దేశంలో ‘రన్నింగ్ ఇన్’ అంటారు.

కొత్త బండిలో పిస్టన్ రింగులు సిలిండర్ గోడకు, ఇరుసు గేర్ల పళ్లు ఒకదానికొకటి ఒరుసుకుని కుదురుకోవాలి. ఈలోగా ట్రైలర్ తగిలిస్తే వేడెక్కి త్వరగా అరిగిపోతాయి. అందుకే ఫోర్డ్ ఎఫ్-150 మాన్యువల్ మొదటి 1,600 కిలోమీటర్లు, షెవ్రొలే సిల్వరాడో మాన్యువల్ 800 కిలోమీటర్లు ట్రైలర్ లాగొద్దంటాయి. ఆ తర్వాత కూడా, సిల్వరాడోతో ట్రైలర్ లాగే తొలి 800 కిలోమీటర్లలో వేగం గంటకు 80 దాటకూడదు.