జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఆడపిల్లల వసతి విద్య

ఆడపిల్లకు ఇంటికి దూరంగా ఒకే చోట తిండి, పడక, చదువు సమకూర్చే పద్ధతిని వసతి విద్య అంటారు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో దీనికి రెండు రూపాలున్నాయి. జనం రెంటినీ హాస్టల్ అనే పిలిచినా వాటి పని వేరు. పిల్లలు తిని పడుకుని, పగలు ఊళ్లోని సర్కారు బడికి నడిచి వెళ్లేది సంక్షేమ వసతి గృహం. దాని బాధ్యత వార్డెన్‌ది. బడీ బసా ఒకే ప్రహరీ లోపల ఉండి, చదువు చెప్పేవారే పిల్లల మంచిచెడ్డలూ చూసేది గురుకులం. మగపిల్లల విషయంలో ఈ తేడా అంతగా లెక్కలోకి రాదు గాని, ఈడొచ్చిన కూతురు రోజూ బాట వెంట నడిచిపోవలసి రావడమే చదువు మాన్పించడానికి సాకు అయిన ఇళ్లలో అది చాలా పెద్ద తేడా.

పోలికకు చూస్తే, పందొమ్మిదో శతాబ్దం చివర ఇంగ్లండులో బాలికల ఆవాస పాఠశాలలు కొన్ని సముద్రతీరాన్ని ఎంచుకున్నాయి. 1885లో బ్రైటన్‌లో మొదలైన రోడీన్ అటువంటిది. అక్కడికి కూతుళ్లను పంపినవారు కలిగినవారు, సముద్రపు గాలి ఒంటికి మంచిదన్నది ఆ కాలపు నమ్మకం. గోదావరికీ మానేరుకూ నడుమ ఉన్న ఈ మెట్టసీమలో ఆడపిల్లను గడప దాటించినది గాలిమార్పు కోరిక కాదు. ఆమెను గడప లోపల కట్టిపడేసిన పని నుంచి విడిపించవలసిన అవసరం.

ఆ పనిలో మొదటిది బీడీ. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల మూడూ బీడీలు చుట్టే స్త్రీలకు పేరుపడిన చోట్లే. తునికాకును నానబెట్టి, కొలత ప్రకారం కత్తిరించి, తంబాకు వేసి చుట్టి, దారం కట్టే ఈ పనికి కూలి వెయ్యి బీడీల లెక్కన వస్తుంది కనుక, ఒడిలో చాట పెట్టుకుని కూర్చున్న తల్లి పక్కన ఆకు కత్తిరించడానికో మూతులు ముడవడానికో కూతురి చేతులు తోడైతేనే లెక్క నిండేది. అలా కూలి చీటీలో పేరు లేకుండానే పదేళ్ల పిల్ల కార్మికురాలయ్యేది. సిరిసిల్లలో దీనికి మరమగ్గాల పని తోడైంది. అక్కడ సాంచాలు అని పిలిచే ఆ మగ్గాలకు కావలసిన కండెలు చుట్టడం ఎక్కువగా ఆడవాళ్ల వంతు. 1970ల నుంచి మగవాళ్లు గల్ఫ్ దేశాలకు వలసపోవడం పెరిగిన కొద్దీ, తండ్రి దూరాన ఉన్న ఇంట ఎదిగిన కూతురిని చూసుకునే భారం ఒక్క తల్లి మీద పడి, త్వరగా పెళ్లి చేసి పంపడమే క్షేమమన్న ఆలోచన బలపడింది.

అంతకుముందు నిజాం పాలనలో పై చదువులు ఉర్దూలో సాగినందున తెలుగు ఇళ్ల ఆడపిల్లలకు ఆ దారి దాదాపు మూసుకుపోయింది. 1928లో మాడపాటి హనుమంతరావు ప్రభృతులు హైదరాబాదులో తెలుగు మాధ్యమంలో బాలికల పాఠశాల స్థాపించినప్పుడు, దానికి గుర్తింపు కోసం పూనాలోని కర్వే మహిళా విశ్వవిద్యాలయాన్ని ఆశ్రయించవలసి వచ్చింది. రాజధానిలోనే స్థితి అదైతే, జగిత్యాల తాలూకా పల్లెల సంగతి ఊహించవచ్చు. 1971 జనగణన నాటికి కూడా ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీల అక్షరాస్యత 15.75 శాతమే. అదే ఏడాది పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా సర్వేల్‌లో ప్రారంభమైన గురుకులం రాష్ట్రంలో గురుకుల విద్యకు నాంది పలికింది, అయితే అది మగపిల్లలది. 1980ల నుంచి విస్తరించిన సాంఘిక సంక్షేమ గురుకులాలు దళిత బాలికలకు చోటిచ్చాయి.

ఇంటి దగ్గరి మండలంలోనే ఆడపిల్లల వసతి బడి అన్న ఆలోచన కేంద్ర ప్రభుత్వం 2004లో ప్రకటించిన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయ పథకంతో వచ్చింది. గ్రామీణ స్త్రీల అక్షరాస్యత జాతీయ సగటు అయిన 46.13 శాతం కన్నా తక్కువగా ఉండి, స్త్రీపురుషుల అక్షరాస్యతల మధ్య అంతరం ఎక్కువగా ఉన్న ప్రాంతాలను విద్యాపరంగా వెనుకబడినవిగా గుర్తించి, అక్కడ ఈ బడులు పెట్టారు. సీట్లలో కనీసం 75 శాతం ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ బాలికలవి. మధ్యలో బడి మానినవారిని వెతికి తెచ్చి చేర్చుకోవడం ఈ పథకంలోని అసలైన గొప్పదనం. దాని లోపమూ అంత పెద్దదే: మొదట్లో చదువు ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకే సాగడంతో, పెళ్లి మాటలు మొదలయ్యే పద్నాలుగేళ్ల వయసులోనే పిల్ల మళ్లీ చాట ముందుకు చేరే ప్రమాదం ఉండేది. 2018లో కేంద్ర పథకమైన సమగ్ర శిక్ష పన్నెండో తరగతి దాకా విస్తరణకు వీలు కల్పించాక తెలంగాణలో దశలవారీగా ఇంటర్ చేరింది. కొత్త భవనాల కన్నా ఈ పొడిగింపే ఆడపిల్లకు ఎక్కువ మేలు చేసింది, ఎందుకంటే చట్టం పెళ్లికి ఒప్పుకునే పద్దెనిమిదేళ్ల అంచుదాకా ఆమెను బడిలో నిలిపినది అదే.

2016లో మైనారిటీ గురుకులాలు మొదలై, మరుసటి ఏడాది మహాత్మా జ్యోతిబా ఫూలే బీసీ గురుకులాలు నియోజకవర్గాల వారీగా విస్తరించడంతో, మగ్గం పనివారైన పద్మశాలీల ఇళ్లకూ కోరుట్ల, జగిత్యాలల ముస్లిం ఇళ్లకూ గురుకులం గడప దగ్గరైంది. పక్క నిజామాబాద్ జిల్లాకు చెందిన గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014 మే 25న పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కడం అనేక ఇళ్లలో గురుకులం పట్ల ఉన్న జంకును తగ్గించింది.

లోపలి జీవితం గంట మీద నడుస్తుంది: తెల్లవారుజామున లేవడం, వ్యాయామం, స్నానాలకు వరుస, ప్రార్థన, తరగతులు, రాత్రి ఉపాధ్యాయుల పర్యవేక్షణలో చదువు. తెలంగాణలో 2015 జనవరి నుంచి హాస్టళ్లకు సన్నబియ్యం వచ్చింది. తల్లిదండ్రులు చూడవచ్చే రోజు కోసం ఎదురుచూపు, బతుకమ్మ పండుగకు ఇంటికి పోవాలన్న ఆరాటం మాత్రం ఏ కాలపట్టికకూ లొంగేవి కావు. ఇల్లు విడిచిన పన్నెండేళ్ల పిల్ల మొదటి నెలల్లో పడే బెంగ ఈ విద్యకు చెల్లించే నిజమైన మూల్యం, దానిని చిన్నదిగా చూడడం తగదు.

ఈ చరిత్రకు మూలాధారం ప్రతి బడిలోనూ ఉండే ప్రవేశ రిజిస్టరు. ఏ ఊరి పిల్ల ఏ ఏట చేరింది, ఏ తరగతిలో మానింది అన్నది అందులోనే ఉంటుంది. భవనం మారినప్పుడల్లా పాత కాగితాల వెంట ఆ రిజిస్టర్లు పోకుండా కస్తూర్బా బడుల ప్రత్యేకాధికారులు, గురుకులాల ప్రిన్సిపాళ్లు వాటిని భద్రపరచాలి.