గడప నుంచి బస్టాప్ వరకు: హైదరాబాద్ ప్రజారవాణాలో తెగిన లంకె

నగరవాసి ప్రయాణం మెట్రో స్టేషన్‌లోనో, బస్సు మెట్ల దగ్గరో మొదలు కాదు. ఇంటి గడప దాటిన క్షణం నుంచే మొదలవుతుంది. గల్లీలోని వీధి దీపం, పొంగే మురుగు కాలువ, వాహనాలు నిలిపిన ఫుట్‌పాత్, నీడలేని బస్టాప్, మీటరు వేయని ఆటో కూడా రవాణా వ్యవస్థలో భాగాలే. హైదరాబాద్‌లో సిటీ బస్సులు, ఎంఎంటీఎస్ రైళ్లు, మెట్రో రైలు అనే మూడు ప్రజారవాణా వ్యవస్థలున్నాయి. మూడింటికీ యజమానులు వేరు. ఇంటికీ స్టాప్‌కూ మధ్య మిగిలే కొద్దిపాటి దూరానికి మాత్రం పూర్తి బాధ్యత వహించే సంస్థ ఏదీ లేదు. రవాణా నిపుణులు ‘లాస్ట్ మైల్’ అని పిలిచే ఈ చివరి అంచె ఎలా ఏర్పడింది, చట్టం ప్రకారం దాని బాధ్యత ఎవరిది, పౌరుడికి ఉన్న మార్గాలేమిటి అన్నవే ఈ కథనంలోని అంశాలు.

మూడు వ్యవస్థలు, మూడు కాలాలు

హైదరాబాద్‌లో ప్రభుత్వ బస్సులకు తొమ్మిది దశాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది. 1932లో నిజాం రైల్వేకు అనుబంధంగా ఏర్పడిన రోడ్డు రవాణా విభాగం 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో పని ప్రారంభించింది. రోడ్డు రవాణా సంస్థల చట్టం, 1950 కింద 1958 జనవరి 11న ఏపీఎస్ఆర్టీసీ ఏర్పడింది. రాష్ట్ర విభజన తర్వాత తెలంగాణకు ప్రత్యేక సంస్థ వచ్చింది. 2024 నుంచి అది టీజీఎస్ఆర్టీసీగా వ్యవహారంలో ఉంది. కోఠి, సికింద్రాబాద్, మెహిదీపట్నం వంటి కూడళ్ల నుంచి శివార్లకు వెళ్లే 218, 10హెచ్, 127కె వంటి నంబర్లు నగరవాసుల రోజువారీ మాటల్లో కలిసిపోయాయి.

రెండో వ్యవస్థ ఎంఎంటీఎస్ 2003 ఆగస్టు 9న ప్రారంభమైంది. అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే శాఖ కలిసి దీన్ని చేపట్టాయి. లింగంపల్లి, సికింద్రాబాద్, నాంపల్లి, ఫలక్‌నుమాలను కలిపే ఈ రైళ్లలో కనీస ఛార్జీ 5 రూపాయలే. అయితే ఇవి దూరప్రాంత రైళ్లు, గూడ్స్ రైళ్లు నడిచే పట్టాల మీదే నడవాలి. అందువల్ల మెట్రో తరహాలో కొద్ది నిమిషాలకొక రైలు నడపడం సాధ్యపడటం లేదు. రెండో దశలో భాగంగా 2023 ఏప్రిల్ 8న మరికొన్ని సర్వీసులు ప్రారంభమయ్యాయి.

మూడోది మెట్రో. 2017 నవంబరు 28న మియాపూర్–నాగోల్ మధ్య 30 కిలోమీటర్ల మార్గాన్ని ప్రారంభించారు. 2018 సెప్టెంబరులో ఎల్బీనగర్ వరకు, 2019లో హైటెక్ సిటీ, రాయదుర్గం వరకు సేవలు విస్తరించాయి. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్–ఎంజీబీఎస్ మార్గం అందుబాటులోకి రావడంతో తొలి దశ సుమారు 69 కిలోమీటర్లకు చేరింది. రెండో కారిడార్‌ను పాతబస్తీ మీదుగా ఫలక్‌నుమా వరకు తీసుకెళ్లాలన్నది తొలి ప్రణాళిక. అది ఎంజీబీఎస్ వద్దే ఆగింది. పాతబస్తీ మార్గానికి 2024 మార్చి 8న మళ్లీ శంకుస్థాపన జరిగింది.

కలిసీ కలవని కూడళ్లు

ఈ మూడు వ్యవస్థలు కొన్ని చోట్ల చక్కగా కలుస్తాయి. అమీర్‌పేట, పరేడ్ గ్రౌండ్, ఎంజీబీఎస్‌లలో ఒక మెట్రో మార్గం నుంచి మరో మార్గంలోకి మారవచ్చు. జేబీఎస్, ఎంజీబీఎస్‌లలో మెట్రో దిగి దూరప్రాంత బస్సు ఎక్కవచ్చు. ఖైరతాబాద్, లక్డీకాపూల్, బేగంపేట, భరత్‌నగర్‌లలో ఎంఎంటీఎస్, మెట్రో స్టేషన్లు దగ్గర దగ్గరగా ఉన్నాయి.

కలవని చోట్లూ ఉన్నాయి. హైటెక్ సిటీ పేరుతో ఒక ఎంఎంటీఎస్ స్టేషన్, ఒక మెట్రో స్టేషన్ ఉన్నాయి. పేరు ఒకటే అయినా రోడ్డు మార్గంలో వాటి మధ్య రెండు కిలోమీటర్లకు పైగా దూరం ఉంది. కొత్తగా వచ్చినవారు పేరును నమ్మి దిగితే ఆటో ఎక్కక తప్పదు. ఎంఎంటీఎస్ స్టేషన్ లింగంపల్లికీ, మెట్రో చివరి స్టేషన్ మియాపూర్‌కూ మధ్య కూడా బస్సో, షేర్ ఆటోనో కావాలి.

మెట్రో ప్రాజెక్టుల అనుసంధానంపై కేంద్రం స్పష్టమైన నియమం తెచ్చింది 2017లోనే. స్టేషన్ చుట్టూ ఐదు కిలోమీటర్ల పరిధిని దృష్టిలో ఉంచుకొని ఫీడర్ బస్సులు, నడకదారులు, సైకిల్ మార్గాలు ఏర్పాటు చేస్తామని రాష్ట్రాలు తమ ప్రతిపాదనలోనే హామీ ఇవ్వాలని ఆ ఏడాది వచ్చిన మెట్రో రైలు విధానం నిర్దేశించింది. హైదరాబాద్ మెట్రో నిర్మాణ ఒప్పందం అంతకు ఏడేళ్ల ముందే, 2010లో కుదిరింది. పట్టాలు, స్తంభాలు, స్టేషన్లు ఒప్పందంలో ప్రధానాంశాలయ్యాయి. స్టేషన్ మెట్లు దిగిన తర్వాతి దారి మిగతా సంస్థల పనిగా మిగిలింది.

చివరి అంచెకు చెల్లించే మూల్యం

ఈ లోటు భారం నేరుగా ప్రయాణికుడి జేబు మీద పడుతుంది. 2025 మేలో జరిగిన సవరణ తర్వాత మెట్రో ఛార్జీ 11 రూపాయల నుంచి 69 రూపాయల వరకు ఉంది. 2014లో ఖరారు చేసిన ఆటో ఛార్జీల ప్రకారం తొలి 1.6 కిలోమీటర్లకు 20 రూపాయలు చెల్లించాలి. ఇంటి నుంచి స్టేషన్‌కు ఒక ఆటో, స్టేషన్ నుంచి కార్యాలయానికి మరో ఆటో ఎక్కితే కనీస ఛార్జీ చొప్పునే 40 రూపాయలు అవుతాయి. మెట్రో గరిష్ఠ ఛార్జీలో సగానికి మించిన మొత్తం మొదటి, చివరి కిలోమీటర్లకే ఖర్చవుతుందన్నమాట. ఆచరణలో మీటరు మీద నడిచే ఆటోలు అరుదు. సొంత ద్విచక్ర వాహనం ఉన్నవారు ఈ లెక్క చూసుకొని బస్సునూ, మెట్రోనూ వదులుకుంటున్నారు. లేనివారు షేర్ ఆటోలో సర్దుకుని కూర్చుంటున్నారు, లేదా నడుస్తున్నారు.

నడిచేవారికి ఎదురయ్యేది ప్రాణాపాయం. కేంద్ర రోడ్డు రవాణా శాఖ గణాంకాల ప్రకారం 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారు. వారిలో 32,825 మంది పాదచారులు. అంటే ప్రతి ఐదు మరణాల్లో దాదాపు ఒకటి నడిచి వెళ్తున్న మనిషిది.

వానాకాలంలో సమస్య మరింత తీవ్రమవుతుంది. నాలాలు పొంగి రోడ్డంచు నీట మునిగితే ముందుగా మాయమయ్యేది నడకదారే. మూత లేని మ్యాన్‌హోల్ ఎక్కడుందో తెలియక పాదచారులు నడిరోడ్డు మీదకు వస్తారు. వృద్ధులకు, గర్భిణులకు, చక్రాల కుర్చీ వాడేవారికి ఆ రోజు ప్రయాణమే ఉండదు.

ఎవరి బాధ్యత ఏది?

ఒక సామాన్య ప్రయాణికుడు ఇంటి నుంచి కార్యాలయానికి చేరేలోపు పలు సంస్థల అధికార పరిధులను దాటుతాడు. రాజ్యాంగం ప్రకారం రైల్వేలు కేంద్ర జాబితాలోని అంశం. బస్సు నడిపేది రాష్ట్ర ఆర్టీసీ. ట్రాఫిక్ నియంత్రణ పోలీసులది. ఫుట్‌పాత్, వీధి దీపం, బస్టాప్ స్థానిక సంస్థల పరిధిలోకి వస్తాయి.

74వ రాజ్యాంగ సవరణ ద్వారా చేర్చిన 12వ షెడ్యూలులో పురపాలక సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలున్నాయి. వాటిలో 17వది వీధి దీపాలు, పార్కింగ్ స్థలాలు, బస్టాపులు, ప్రజా మరుగుదొడ్ల వంటి ప్రజా సౌకర్యాలకు సంబంధించింది. బస్టాప్ ఒకరిది, అక్కడ ఆగాల్సిన బస్సు మరొకరిది. స్టాప్ ఎదుట వాహనాలు నిలిపితే తొలగించాల్సింది ఇంకొకరు. కొత్త కాలనీకి రోడ్డు వేసే సంస్థకూ, ఆ కాలనీకి బస్సు నడపాలో వద్దో నిర్ణయించే సంస్థకూ మధ్య సమాచారం సకాలంలో చేరకపోవడానికి మూలం ఈ విభజనలోనే ఉంది.

ఈ చిక్కును విప్పేందుకే 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం పెద్ద నగరాలకు ఏకీకృత మహానగర రవాణా ప్రాధికార సంస్థను సూచించింది. హైదరాబాద్‌లో 2008లో వచ్చిన హెచ్‌ఎండీఏ చట్టం దానికి చోటు కల్పించింది. అయితే సమన్వయ సంస్థకు సొంత నిధులు, మార్గాల మీదా ఛార్జీల మీదా నిర్ణయాధికారం లేకపోతే అది సమావేశ వేదికగానే మిగులుతుందన్నది దేశంలోని పలు నగరాల అనుభవం.

చట్టం ఏం చెబుతోంది?

నడకదారి హక్కా, సౌకర్యమా అన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు 2025 మే 14న స్పష్టత ఇచ్చింది. అడ్డంకులు లేని, దివ్యాంగులకు అనువైన ఫుట్‌పాత్‌లు పొందడం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని పేర్కొంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012 నాటి మార్గదర్శకాల ప్రకారం ఫుట్‌పాత్‌పై నడవడానికి కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఖాళీగా ఉండాలి. వాణిజ్య ప్రాంతాల్లో అంతకంటే ఎక్కువ కావాలి. ఎత్తు 150 మిల్లీమీటర్లకు మించరాదు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 బస్టాపులు, రైల్వే స్టేషన్లు అందరూ వాడుకోగలిగేలా ఉండాలని నిర్దేశిస్తోంది.

ఫుట్‌పాత్ చర్చ రాగానే తొలుత వేలు చూపేది తోపుడు బండ్ల వైపే. కానీ వీధి వ్యాపారుల చట్టం, 2014 వారి జీవనోపాధికీ రక్షణ కల్పించింది. పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం సభ్యులు వీధి వ్యాపారులే ఉండాలి. వెండింగ్ జోన్లు నిర్ణయించకుండా బండ్లను తొలగించడం సమస్యను ఒక వీధి నుంచి మరో వీధికి తరలించడమే అవుతుంది. బస్టాప్ పక్కన పండ్లు, టీ అమ్మేవారు రాత్రి వేళ ఒంటరి ప్రయాణికులకు ధైర్యాన్నిచ్చే మనుషులు కూడా.

ఉచిత ప్రయాణం తర్వాత

తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద మహిళలకు ఉచిత బస్సు ప్రయాణం అమల్లోకి వచ్చింది. నగరంలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకు ఇది వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్ 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పేరుతో ఇలాంటి పథకాన్నే ప్రారంభించింది. ఢిల్లీ, తమిళనాడు, కర్ణాటక అంతకుముందే ఈ బాట పట్టాయి.

ఇంటి పనులకూ, చిన్న కొలువులకూ వెళ్లే మహిళలకు నెల ఖర్చులో మిగిలిన మొత్తం చిన్నది కాదు. అయితే ‘జీరో టికెట్’ బస్సు వెళ్లే దారికే వర్తిస్తుంది. బస్సు రాని కాలనీలో ఉన్న మహిళ ప్రధాన రహదారి వరకు షేర్ ఆటోకు చెల్లించక తప్పదు. బడి, మార్కెట్, ఆసుపత్రి, పుట్టింటి పలకరింపు వంటి చిన్న చిన్న ప్రయాణాలు ప్రధాన రూట్లలో ఉండవు. మరోవైపు ఆదాయం తగ్గిందంటూ ఆటో డ్రైవర్లు ఆందోళనలు చేశారు.

బస్సుల సంఖ్య మరో ప్రశ్న. కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ ప్రమాణాల ప్రకారం ఉత్తమ స్థాయి సేవకు ప్రతి వెయ్యి జనాభాకు కనీసం 0.6 బస్సు, అంటే లక్షకు 60 బస్సులు ఉండాలి. 2011 జనగణన నాటికే గ్రేటర్ హైదరాబాద్ జనాభా 67 లక్షలు దాటింది. ఆ జనాభాకే 4,000 బస్సులు అవసరమవుతాయి. నగరం మాత్రం వ్యతిరేక దిశలో నడిచింది. 2019లో 52 రోజులు సాగిన ఆర్టీసీ సమ్మె అనంతరం నష్టాల కారణంగా వందల సంఖ్యలో సిటీ బస్సులను ఉపసంహరించారు. అలాంటప్పుడు ముందుగా కోత పడేది ఆదాయం తక్కువగా ఉండే కాలనీ రూట్లకే.

ఇతర నగరాల ప్రయత్నాలు

పెద్ద బస్సు తిరగలేని వీధుల కోసం ఢిల్లీ 2025 మే నెలలో ‘దేవి’ పేరుతో 9 మీటర్ల విద్యుత్ బస్సులను ప్రవేశపెట్టింది. చెన్నైలో 2013 నుంచే కాలనీలను ప్రధాన రహదారులకు కలిపే మినీ బస్సులు నడుస్తున్నాయి. అక్కడి ఏకీకృత రవాణా సంస్థ 2025 సెప్టెంబరులో బస్సు, మెట్రో, సబర్బన్ రైలుకు ఒకే క్యూఆర్ టికెట్ ఇచ్చే ‘చెన్నై వన్’ యాప్‌ను అందుబాటులోకి తెచ్చింది. కొచ్చిలో మెట్రో రైలుకు తోడుగా 2023 ఏప్రిల్‌లో వాటర్ మెట్రో ప్రారంభమై, దీవుల్లోని ప్రజలకు నగరాన్ని దగ్గర చేసింది.

పౌరుల ముందున్న మార్గాలు

కాలనీ సంఘాలు ఫిర్యాదు చేసే ముందు సమస్యను సరైన సంస్థకు విడదీసి పంపడం అవసరం. వీధి దీపం, ఫుట్‌పాత్, బస్టాప్ షెల్టర్, మ్యాన్‌హోల్ అంశాలు పురపాలక, జలమండలి అధికారులకు, కొత్త రూటు, బస్సు వేళలు సంబంధిత డిపో మేనేజరుకు, అక్రమ పార్కింగ్ ట్రాఫిక్ పోలీసులకు వెళ్లాలి. స్థలం, సమయం, ఫొటో జోడించిన ఫిర్యాదును పక్కన పెట్టడం అంత సులువు కాదు. ఒక రూటులో మంజూరైన ట్రిప్పులెన్ని, నడిచినవెన్ని అన్నది సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 30 రోజుల్లో సమాధానం ఇవ్వాలి. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణం చెబుతోంది. కాలనీ సమస్యలు చర్చకు రావాల్సిన వేదిక అదే.

పీఎం ఈ-డ్రైవ్ పథకం కింద హైదరాబాద్‌కు 2,000 విద్యుత్ బస్సులు కేటాయిస్తున్నట్లు కేంద్రం 2025లో ప్రకటించింది. అవన్నీ ఇప్పటికే రద్దీగా ఉన్న ప్రధాన రహదారుల మీదే తిరిగితే గల్లీ చివరి ఇంటికి ఒరిగేది తక్కువ. వాటిలో కొన్నింటినైనా కాలనీలకు, మెట్రో, ఎంఎంటీఎస్ స్టేషన్లకు మధ్య నడిపి, వాటితోపాటే వెలుతురున్న స్టాపులు, నడవగలిగే దారులు సిద్ధం చేస్తేనే మూడు వ్యవస్థలు ఒకే ప్రయాణంగా మారతాయి.