చెవి ఒక్కటే చాలదు



ఆళ్లగడ్డ శిల్పులు రాయిని కంటితో చూసి మాత్రమే ఎంచుకోరు. సుత్తితో తట్టి వింటారు. మంచి రాయి గంటలాగా ఖంగుమంటుంది, లోపల పగులున్న రాయి బొద్దుగా మోగుతుంది. ఆ తర్వాత అరచేత్తో నిమిరి చూస్తారు. కన్ను బాగుందన్న రాయిని చెవి కాదనవచ్చు, చెవి ఒప్పుకున్నదాన్ని చెయ్యి కాదనవచ్చు. విశ్వాసంలో కూడా ఇలాంటి పరీక్ష ఉందని హెబ్రీ పత్రిక 5వ అధ్యాయం చివర కనబడుతుంది. పాలు తాగే బిడ్డలకు, గట్టి ఆహారం తినే పెద్దలకు తేడా చెబుతూ, పెద్దల జ్ఞానేంద్రియాలు అలవాటు చేత సాధన పొందినవి గనుక మేలు ఏదో కీడు ఏదో గుర్తుపడతాయని ఆ రచయిత అంటాడు. అది ఒక్క ఇంద్రియం గురించిన మాట కాదు. మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాకు చెందిన ఓరిగెను, మన లోపలి మనిషికి కూడా చూపు, వినికిడి, రుచి, వాసన, స్పర్శ ఉన్నాయని బోధించాడు. అది లోతైన బోధే. అయితే మన నంద్యాల, ఆళ్లగడ్డ వైపు సంఘాల చరిత్ర చూస్తే, బయటి మనిషి చెయ్యి, నోరు, ముక్కు కూడా సత్యాన్ని పరీక్షించడానికి పనికొచ్చాయని మాకు అనిపిస్తుంది.

మన దగ్గరకు సువార్త చెవి ద్వారానే వచ్చింది. 1850లలో ఆళ్లగడ్డకు దగ్గరలోని ముత్యాలపాడు కేంద్రంగా ఎస్.పి.జి. మిషనరీ క్లే దొర పని చేశాడు. 1854 నాటికే తెలుగులో పూర్తి బైబిలు ఉన్నా పాలెంలో చదవగలిగినవాళ్లు ఎందరు? పగలంతా రెడ్ల చేలల్లో కూలి చేసి వచ్చినవాళ్లు చీకటి పడ్డాక దీపం చుట్టూ కూర్చునేవాళ్లు. ఉపదేశి ఒక మాట చెబితే అందరూ తిరిగి చెప్పేవాళ్లు. పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం అన్నీ అలాగే నోటికొచ్చాయి. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు పుస్తకం లేకుండానే ఊరూరా పాకాయి. వినుట వలన విశ్వాసం కలుగుతుందని పౌలు రోమీయులకు రాసినది మన పాలేల్లో అక్షరాలా జరిగింది.

అయితే ఆ విన్న మాట నిజమో కాదో వాళ్లకు ఎలా తెలియాలి? దేవుడు నిన్ను ప్రేమిస్తున్నాడని చెప్పే మనిషి నీ ఇంటి కడప తొక్కుతాడా? నీ బిడ్డ నెత్తి మీద చెయ్యి వేస్తాడా? ఊరి బావి ముట్టుకోనివ్వని చోట, చేతిలోకి నీళ్లు పైనుంచి పోసే చోట, బాప్తిస్మమిచ్చే గురువు చెయ్యి తల మీద పడటం చిన్న సంగతి కాదు. అంతవరకు విన్నదానికి ఆ చెయ్యే సాక్ష్యం.

తర్వాత 1876 నుండి 1878 వరకు మన పెద్దలు ధాత కరువు అని చెప్పుకునే కరువు వచ్చింది. మద్రాసు రాజధానిలో ఎక్కువ దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. 1881 జనాభా లెక్కల నాటికి ఈ జిల్లా జనం 1871 కంటే బాగా తగ్గిపోయారు. కరువు తర్వాత తెలుగు నేలంతటా మిషన్ల దగ్గరకు జనం గుంపులుగా వచ్చారు. ఒంగోలు వైపు బాప్టిస్టులు 1878 జూలైలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మమిచ్చారు. అప్పటినుండి మనవాళ్లకు ఒక దెప్పిపొడుపు మిగిలింది: గంజి కోసం మతం మార్చుకున్నారని. దీనికి సిగ్గుపడి చరిత్రను దాచిపెట్టే క్రైస్తవులను మేము చూశాము. ఎందుకు దాచాలి? 34వ కీర్తనలో దావీదు రుచిని ముందు చెప్పి చూపును తర్వాత చెబుతాడు. రొట్టెల కోసం వెంటబడ్డ జనాన్ని యేసు గద్దించిన మాట నిజమే (యోహాను 6), కానీ గద్దించింది తిండి పెట్టిన తర్వాత. గంజికి వచ్చినవాళ్లంతా నిలిచారని మేము చెప్పము. నిలిచినవాళ్లు మాత్రం ముందు రుచి చూసి, ఆ తర్వాత పెట్టిన చెయ్యి ఎవరిదని అడిగినవాళ్లు.

ఇంద్రియాలు మోసపోతాయి కదా అని మీరు అడగవచ్చు. మోసపోతాయి. ఆదికాండము 27లో ఇస్సాకును చూడండి. కన్ను కనబడదు. చెయ్యి తడిమి ఏశావు అంది, నోరు వేటమాంసం అంది, ముక్కు పొలం వాసన అంది. చెవి ఒక్కటే ఇది యాకోబు స్వరం అని నిజం చెప్పింది. ముసలాయన ఆ ఒక్కదాన్నే పక్కన పెట్టాడు. దీన్ని బట్టి చెవి ఒక్కటి చాలని బోధించేవాళ్లున్నారు. అయితే ఎమ్మాయు దారి మాటేమిటి? ఇద్దరు శిష్యులు దారి పొడవునా ప్రభువు చెప్పిన లేఖనార్థం విన్నారు, హృదయం మండింది, అయినా ఆయన ఎవరో తెలియలేదు. రొట్టె విరిచినప్పుడు తెలిసింది. ఒకచోట చేతిని చెవి సరిదిద్దవలసింది, మరోచోట చెవి విన్నదాన్ని రొట్టె తేటపరచింది. ఒకటి చెప్పిందానికి మరొకదాని సాక్ష్యం కావాలి.

మన సంఘాలు తప్పిపోయింది ఇక్కడే. క్రీస్తులో భేదం లేదని చెవులారా విన్నాము, నోరారా పాడాము. కానీ కడప, కర్నూలు వైపు ఎస్.పి.జి., లండన్ మిషన్ సంఘాలు ఎక్కువగా మాలపల్లెల్లో పెరిగాయి. ఒంగోలు బాప్టిస్టు సంఘాలు ఎక్కువగా మాదిగపల్లెల్లో పెరిగాయి. కాబట్టి ఆ ఇద్దరూ ఒక గిన్నెలో తాగవలసిన అవసరం చాలాచోట్ల రానే లేదు. వచ్చిన చోట ఏం జరిగిందో పాత కుటుంబాల పెద్దలను అడగండి, చెబుతారు. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషేకం పొందిన వి.ఎస్. అజరయ్యగారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు, ఈ అంటుతో జీవితాంతం పోరాడారు. మన నంద్యాల ప్రాంతం కూడా తర్వాత ఆయన డయాసిస్‌లో చేరింది.

మాదిగల మీద అసహ్యానికి ముఖ్యంగా చెప్పిన సాకు తోలు వాసన. పేతురు యొప్పేలో ఎవరి ఇంట దిగాడు? తోళ్లు శుద్ధిచేసే సీమోను ఇంట (అపొస్తలుల కార్యములు 9, 10). కొర్నేలీ పంపినవాళ్లు రాకముందు, పరలోకం నుండి దుప్పటి దిగకముందు, పేతురు చాలా రోజులు ఆ వాసనలోనే తిని పడుకున్నాడు. దర్శనంలోని స్వరాన్ని అర్థం చేసుకునే పని అతని ముక్కు ముందే మొదలుపెట్టిందని మేము అనుకుంటాము.

చేతి సంగతి ఇంకొకటి ఉంది, నంద్యాలవాళ్లకే ప్రత్యేకమైనది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు నంద్యాల ప్రాంతపు ఆంగ్లికనులు చాలామంది అందులో చేరలేదు. పెద్ద తగవు దేని గురించి? బిషప్పు హస్తనిక్షేపణ పొందని బోధకుడు సంస్కారం ఇవ్వవచ్చా అని. తల మీద పడిన చెయ్యి ఎవరిదన్నదే ప్రశ్న. 1963లో నంద్యాల వేరే డయాసిస్ అయింది, 1970లలో గాని దక్షిణ ఇండియా సంఘంలో కలవలేదు. వాళ్ల పట్టుదలను మేము ఎగతాళి చేయము. హస్తస్పర్శకు విలువ ఉందని నమ్మి ఒంటరిగా నిలబడ్డారు. కానీ గురువు చేతి గురించి అంతకాలం వాదించిన మనం, పక్క పల్లె విశ్వాసి చేతి గురించి అంత వాదించామా?

2020లో ఆలయాలు మూతపడ్డాక ఆరాధన ఫోనులోకి వచ్చింది. కన్ను, చెవి మిగిలాయి, తక్కినవి పోయాయి. ఇప్పుడు దేశంలో ఏ మూల ప్రసంగమైనా చెవిలో పెట్టుకుని వినవచ్చు. అభిషేక తైలం సీసాలు కూడా పోస్టులో వస్తున్నాయి. ఆ బోధకుడు తన ఇంట్లో ఎలా ఉంటాడో, బీదవాడికి చెయ్యిస్తాడో లేదో, ఎవరితో కూర్చుని తింటాడో ఫోను చెప్పదు. మీ మధ్య ఉండే మీ కాపరిని మీరు అన్ని విధాలా పరీక్షించవచ్చు. పరీక్షించండి, మేము తప్పించుకోము.

ఆ రోజుల్లోనే ఒకే పాత్ర పోయి చిన్న చిన్న గ్లాసులు వచ్చాయి. జబ్బు భయంతో వచ్చాయి గనుక అప్పుడు ఎవరమూ ఏమీ అనలేదు. భయం పోయి ఏళ్లయినా గ్లాసులు పోలేదు. దగ్గు, జ్వరం ఉన్నవాళ్లకు, ముసలివాళ్లకు అవి ఉండవలసిందే. తక్కినవాళ్లు ఎందుకు అడుగుతున్నారో ఎవరి మనస్సాక్షికి వారే జవాబు చెప్పుకోవాలి.

వచ్చే సంస్కారపు ఆదివారం బల్ల మీద గ్లాసుల పక్కన పాత పాత్ర కూడా ఉంటుంది. ముందు మేము అందులో తాగి, వరుసలో మొదట నిలబడినవారికి, వారెవరైనా, అందిస్తాము.