సంక్షిప్తిలో ఎవరుంటారు?

ధర్మపురి అనంగనే చదువుకున్నోళ్లకు గోదావరి, నరసింహస్వామి గుడి, శేషప్ప శతకం గుర్తొస్తాయి. చుట్టుపక్కల పల్లెల్లో వెట్టి చేసిన మాల మాదిగలు గుర్తురారు. ఊరి గురించి చెప్పే నాలుగు ముక్కల్లో మనం లేము. పరిశోధన పత్రాల ముందు రాసే సంక్షిప్తుల్లోనూ తరచుగా ఇదే జరుగుతున్నది.

ఇది చిన్న విషయం కాదు. పత్రం మొత్తం చదివేవాళ్లు కొందరే. సదస్సుకు పిలిచేది, సూచికలకు ఎక్కేది ఆ రెండు వందల మాటలను బట్టే. అక్కడ లేనివాళ్లు రేపు వెతికేవాళ్లకు దొరకరు.

మా ఇంట్ల యూనివర్సిటీ మెట్లెక్కింది నేనే మొదలు. 1978 సెప్టెంబర్ 7 నాటి జగిత్యాల జైత్రయాత్ర మీద రాసిన పత్రానికి "గ్రామీణ పేదల చైతన్యం" అని సంక్షిప్తి రాసి మా నాయినకు చదివి వినిపించిన. ఆ రోజు నడిచినోళ్లల్ల ఆయన ఒకడు. "గ్రామీణ పేదలంటే ఎవరు బిడ్డా?" అని అడిగిండు. జవాబు నా పత్రంల ఉన్నది, సంక్షిప్తిల లేదు.

వెట్టి పోవాలె, కూలి పెరగాలె, దొరల కిందున్న బంజర్లు దక్కాలె అన్నది ఆ పోరాటం. అదే ఏడు ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. సర్కారు రాసిన సంక్షిప్తి అది. అందులో కల్లోలం ఉన్నది, వెట్టి లేదు.

మరి క్లుప్తంగా చెప్తూనే దాచకుండా ఎట్లా రాయాలె? 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో, పాతికేళ్ల వయసులో, అంబేద్కర్ భారతదేశంలోని కులాలపై పత్రం చదివిండు. చివర తన వాదాన్ని నాలుగు అంశాలకు కుదించిండు: హిందూ జనాభాలో ఎన్ని జాతులు కలిసినా లోతైన సాంస్కృతిక ఐక్యత ఉన్నది, ఆ పెద్ద సముదాయాన్ని ముక్కలు చేయడమే కులం, మొదట ఉన్నది ఒకే కులం, అనుకరణ, వెలి వల్ల వర్గాలు కులాలైనయి. "ఈ పత్రం కులాన్ని చర్చిస్తుంది" అని తప్పుకోలేదు. ప్రతి అంశాన్నీ ఎవరైనా ఎదిరించి వాదించవచ్చు. సంక్షిప్తికి ఉండవలసిన బలం అదే.

కనుక పత్రం పూర్తయినంకనే సంక్షిప్తి రాయాలి. ప్రశ్న ఏమిటి, ఆధారాలు ఏవి, ఏం తేలింది, ఇవి చెప్పాలి. కులం పేరు, ఊరు, సంవత్సరం ఉండాలి. వెట్టి చేసినోళ్లల్ల చాకలి, మంగలి కులాలు కూడా ఉన్నయి. "దళితులు" అనే ఒక్క మాటతో వాళ్లను కప్పేస్తే మనమూ అదే తప్పు చేసినట్టు.

నా సంక్షిప్తి తిరగరాసిన. ఎవరు, ఎవరికి, ఏ పని కూలి లేకుండా చేసిండ్రన్నది ఇప్పుడు మొదటి వాక్యం.